తెలుగులో లావు, ఇరుకు, వాలు అక్షరం: ఉన్న ఫాంటును నొక్కి వాల్చితే సరిపోతుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. రాజాం దగ్గర మీకు ఫ్లెక్సీ షాపు ఉంది. సంక్రాంతికి “ఉత్తరాంధ్ర స్థాయి కబడ్డీ పోటీలు” పోస్టరు చెయ్యాలి. ఇంగ్లీషు స్పోర్ట్స్ పోస్టర్లలో కనిపించే లావుగా, ఇరుకుగా, ముందుకు వాలిన అక్షరం తెలుగులో దొరకడం లేదు. ఉన్న బోల్డ్ ఫాంటును కోరల్‌డ్రాలో అడ్డంగా నొక్కి, కుడికి వాల్చితే “ఏదోలా” వస్తోంది. తప్పు ఎక్కడ ఉంది, కొత్తగా గీయించుకోవాలా, అసలు ఈ రకం అక్షరం ఏ పనికి వాడాలి అని మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. నొక్కి వాల్చడం ఒక్కటే సరిపోదు. అలాగని మొత్తం ఫాంటు గీయించుకోనక్కర్లేదు. గీసినప్పుడే ఇరుకుగా గీసిన ఫాంటు తీసుకోండి, 8 నుంచి 10 డిగ్రీల లోపు వాల్చండి, ఆపైన టైటిల్‌ని కర్వ్స్‌గా (టైపు కాకుండా ఉత్త గీతల బొమ్మగా) మార్చి వత్తులు, గుడులు, అక్షరాల పొట్టలు (లోపలి ఖాళీలు) చేత్తో సరిచెయ్యండి. నాలుగు మాటల టైటిల్‌కి ఒక పూట పని. ఎందుకు చెయ్యాలో తెలిస్తే చెయ్యి దానంతటదే అలవాటు పడుతుంది కాబట్టి కారణాలు కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను శ్రీకాకుళంలో ముప్పై ఏళ్లకు పైగా అక్షరాల పనిలోనే ఉన్నాను. మొదట ఎనామెల్ రంగు, బ్రష్షు. గోడలు, గుడ్డ బ్యానర్లు, బస్సుల పక్కలు. తర్వాత పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లు, ఆ తర్వాత ఫ్లెక్సీ. ఈ ఐదారేళ్లుగా తీరిక దొరికినప్పుడల్లా ఒక హెడ్డింగు ఫాంటు గీస్తున్నాను, సరిగ్గా మీరు అడిగిన రకమే. ఇప్పటికి 600 పైచిలుకు గ్లిఫులు (ఫాంటులోని విడి అక్షర రూపాలు) అయ్యాయి, ఇంకా కొన్ని వత్తుల దగ్గర తృప్తి లేదు. కింద రాసేదంతా అందులో తేల్చుకున్నదే.

గుండ్రం వాలితే దొర్లుతుంది

ఇంగ్లీషు పెద్దక్షరాల్లో నిలువు కాళ్లు ఎక్కువ. హెచ్, ఎన్, ఐ, టి, ఎల్ చూడండి. నిలువు కాలు పది డిగ్రీలు వాలితే కంటికి కూడా పది డిగ్రీలు వాలినట్టే ఉంటుంది. మన ర, ద, ధ, బ, వ, సున్న, వీటికి కాలే లేదు. అంతా గుండ్రమే. నిండు గుండ్రాన్ని పది డిగ్రీలు వాల్చితే అది కోడిగుడ్డులా సాగుతుంది. ఆ గుడ్డు పొడవు ఎటు చూస్తుందో కొలిచి చూడండి. నిలువు నుంచి పది డిగ్రీలు కాదు, దాదాపు 47 డిగ్రీలు పక్కకు ఒరిగిపోతుంది. అదే, వెడల్పు ఎత్తులో 70 శాతమే ఉన్న సన్నటి గుండ్రాన్ని అంతే పది డిగ్రీలు వాల్చండి. దాని పొడవు నిలువుకు 18 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఒరిగినట్టు కాక పరిగెత్తుతున్నట్టు ఉంటుంది.

ఈ లెక్క నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలియక ముందు ఒక ఊళ్లో ఎడ్ల పందేల బ్యానరు రాశాను. వెడల్పాటి గుండ్రటి అక్షరాల్నే బాగా వాల్చి రాశాను. కడుతుంటే పక్కనే కూరగాయలు అమ్ముకుంటున్న ఒక పెద్దావిడ “అక్షరాలన్నీ దొర్లిపోతన్నాయేటి బాబూ?” అంది. ఆ మాట సరైనది. నేను వాలు తగ్గించి చూశాను, అయినా దొర్లుతూనే ఉన్నాయి. తగ్గించాల్సింది వాలు కాదు, వెడల్పు. తెలుగులో ఇరుకు ఉంటేనే వాలు నిలబడుతుంది. మీ ఫైలులో “ఏదోలా” ఉండటానికి మొదటి కారణం ఇదే అని నా అనుమానం.

మరి నొక్కితే ఇరుకు అవుతుంది కదా?

అవుతుంది, కానీ గీత పాడవుతుంది. అక్షరాన్ని అడ్డంగా 70 శాతానికి నొక్కితే పక్కల ఉన్న నిలువు గీత కూడా 70 శాతానికి తగ్గుతుంది. పైనా కిందా ఉన్న అడ్డ గీత మాత్రం అలాగే ఉంటుంది. 20 మిల్లీమీటర్ల గీత ఉన్న ర తీసుకుంటే పక్కలు 14, నెత్తి 20. టోపీ పెట్టుకుని బక్కచిక్కిన మనిషిలా కనిపిస్తుంది. లావు ఫాంటు తీసుకున్న ప్రయోజనమే పోయింది.

తర్వాత వాల్చినప్పుడు ఇంకో మార్పు వస్తుంది. పది డిగ్రీల వాలులో గుండ్రం కుడి పైమూల, ఎడమ కిందమూల దాదాపు 9 శాతం లావెక్కుతాయి. ఎడమ పైమూల, కుడి కిందమూల 8 శాతం సన్నబడతాయి. నొక్కడం వల్ల వచ్చిన తేడా, వాల్చడం వల్ల వచ్చిన తేడా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. చూసేవాళ్లకి ఎక్కడ తప్పుందో చెప్పడం రాదు, కానీ చవకగా ఉందని మాత్రం అనిపిస్తుంది.

అందుకే నొక్కడం 90 శాతం దగ్గర ఆపండి, తప్పదనుకుంటే 85. అంతకన్నా ఇరుకు కావాలంటే ఇరుకుగా గీసిన ఫాంటే కావాలి. ఉచితంగా దొరికే వాటిలో రెండు పేర్లు చెప్తాను. మొదటిది ఏక్ టైప్ అనే ఫాంటు సంస్థ వాళ్ల అనేక్ తెలుగు. ఇది వేరియబుల్ ఫాంటు, అంటే వెడల్పునీ బరువునీ (గీత లావునీ) కావలసినంత జరుపుకోగలిగేది. వెడల్పు 75 నుంచి 125 వరకు, బరువు 100 నుంచి 800 వరకు జరుపుకోవచ్చు. వెడల్పు 75, బరువు 700 దగ్గర పెట్టండి. గీత ఇరుకుకు తగ్గట్టు వాళ్లే దిద్దారు కాబట్టి పక్కలు సన్నబడవు. రెండోది నోటో సాన్స్ తెలుగు. అది వెడల్పులో 62.5 వరకు దిగుతుంది, బరువు 900 దాకా ఎక్కుతుంది. కబడ్డీకి నేనైతే అనేక్ తీసుకుంటాను, దాని గుండ్రంలో ఊపు ఉంది. గూగుల్ ఫాంట్స్‌లో గిడుగు, గురజాడ అని మన ఉత్తరాంధ్ర పెద్దల పేర్లతోనే రెండు తెలుగు ఫాంట్లు ఉన్నాయి. వాటి మీద నాకు అభిమానం ఉంది కానీ అవి ఒకే బరువు, ఒకే వెడల్పు. ఈ పనికి పనికిరావు. రామభద్ర లావుగా, గట్టిగా ఉంటుంది, నిటారు టైటిల్‌కి మంచిది. దాన్నీ నొక్కకండి.

వీటి లైసెన్సు ఓపెన్ ఫాంట్ లైసెన్సు. పోస్టరుకీ, లోగోకీ, అమ్మకానికీ వాడుకోవచ్చు, ఫాంటునే మార్చుకోవచ్చు. ఫాంటును విడిగా అమ్మకూడదు, మార్చిన ఫాంటును పంచితే అదే లైసెన్సు కింద పంచాలి. మీరు అక్షరాల్ని కర్వ్స్‌గా మార్చి దిద్దినంత మాత్రాన ఇబ్బంది ఏమీ లేదు.

గుడి కుడికి పోతుంది, వత్తు ఎడమకి పోతుంది

ఇంగ్లీషు వాళ్లకు లేనిదీ, మనకు అసలు చిక్కు తెచ్చేదీ ఇదే. వాల్చడం అంటే అక్షరం అడుగు గీతను కదలకుండా పట్టుకుని పైభాగాన్ని కుడికి తోయడం. అడుగు గీతకు పైన ఉన్నది కుడికి పోతుంది. కింద ఉన్నది ఎడమకి పోతుంది. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో కింద ఏమీ ఉండదు. మనకి వత్తులన్నీ కిందే.

కొలతతో చెప్తాను. బోర్డు మీద గుడి అడుగు గీతకు 12 అంగుళాల పైన, వత్తు మధ్యభాగం 4 అంగుళాల కింద ఉందనుకోండి. పది డిగ్రీల వాలులో గుడి 2.1 అంగుళాలు కుడికి, వత్తు 0.7 అంగుళాలు ఎడమకి జరుగుతాయి. రెండూ ఒకే అక్షరానివి, వాటి మధ్య 2.8 అంగుళాల తేడా వచ్చేసింది. ఇప్పుడు ఆ వత్తు ముందున్న అక్షరం కిందకి దూరింది, గుడి తర్వాతి అక్షరం తలకట్టును గుద్దుకుంది. ఇరుకు అక్షరాల మధ్య సందు మామూలుగానే తక్కువ, కాబట్టి గుద్దుకోవడం ఖాయం.

మన రెండు ఊళ్ల పేర్లే తీసుకోండి. “విజయనగరం” అనే మాటలో ఒక్క వత్తూ లేదు. కింద ఏమీ వేలాడదు, పైన ఒక్క గుడి. లావుగా ఇరుకుగా వాల్చితే రైలుపెట్టెల్లా వరసగా కూర్చుంటుంది. ఆమదాలవలస, పలాస, గజపతినగరం, సాలూరు అంతే. “శ్రీకాకుళం” అలా కాదు. మొదటి అక్షరంలోనే పైన గుడి దీర్ఘం, కింద ర వత్తు. ర వత్తు ఎడమ నుంచి చుట్టుకుని వస్తుంది కాబట్టి వాల్చగానే మాటకి ఎడమ అంచు దాటి బయటికి పొడుచుకొస్తుంది. ఎడమ మార్జిను సరిపెట్టినా వంకరగా కనిపిస్తుంది. ఎచ్చెర్ల, బొబ్బిలి, నెల్లిమర్ల, పార్వతీపురం, ఇచ్ఛాపురం, ప్రతి దానికీ దాని చిక్కు దానికి ఉంది. బస్సుల మీద ఊళ్ల పేర్లు రాసే రోజుల్లో మేము ఈ పేర్లకు వేరే వేరే సమయం లెక్కేసుకునేవాళ్లం.

నేను చేసే పద్ధతి ఇది. వత్తుని అక్షరంతో కలిపి వాల్చను. విడదీసి, దాని నడుమ దగ్గర పట్టుకుని దాన్ని మాత్రమే వాల్చుతాను. అంటే వాలు కోణం అదే ఉంటుంది, ఎడమకి జరగడం మాత్రం ఉండదు. తర్వాత కంటితో చూసి ఇంకొంచెం కుడికే పెడతాను. గుడినీ అలాగే పట్టుకుని, వాలు లెక్క ప్రకారం పోవాల్సిన దూరంలో మూడింట రెండు వంతులే పోనిస్తాను. లెక్క ప్రకారం ఇది తప్పు, కంటికి మాత్రం ఇదే ఒప్పు. ఫాంటు ఫైలులో అయితే ఈ సర్దుబాటును యాంకర్ల ద్వారా (అక్షరానికి గుడి, వత్తు ఎక్కడ అతుక్కోవాలో చెప్పే గుర్తుల ద్వారా) చెయ్యాలి.

మీ పోస్టరులో “ఉత్తరాంధ్ర స్థాయి” అనే భాగమే గట్టిది. త్త, ంధ్ర, స్థా మూడూ కిందికి దిగేవే. “కబడ్డీ” కూడా డ వత్తుతో దిగుతుంది. అంటే మీ టైటిల్ రెండు వరసలుగా పెడితే మొదటి వరస వత్తులు రెండో వరస గుడుల మీద పడతాయి. వరసల మధ్య ఎడం పెంచితే టైటిల్ విడిపోతుంది. దీనికి నేను చేసేది: వత్తుల ఎత్తును 10, 15 శాతం తగ్గించి, వాటి గీతను మాత్రం తగ్గించకుండా దిద్దడం. ఆపైన, కింది వరసలో గుడి లేని అక్షరం దగ్గరికి పై వరస వత్తు వచ్చేలా మాటల్ని పక్కకి జరపడం. వాలు టైటిల్‌లో వరసలు ఒకదానికొకటి కొంచెం పక్కకి జరిగి ఉండటం అందంగానే ఉంటుంది, ఇక్కడ అది అవసరం కూడా.

పొట్టలో చుక్క పోతే మాటే మారిపోతుంది

అక్షరం లోపలి ఖాళీని మేము పొట్ట అంటాం. లావు పెరిగే కొద్దీ, ఇరుకు పెరిగే కొద్దీ పొట్ట మూసుకుపోతుంది. ఇంగ్లీషులో పొట్ట మూసుకుపోతే అందం పోతుంది. తెలుగులో అర్థం పోతుంది. థ లోంచి చుక్క తీసేస్తే ధ. ఠ లోంచి చుక్క తీసేస్తే ర. ధ అడుగున ఉన్న చిన్న ఒత్తు గీత కనబడకపోతే ద. భ, బ అంతే. ఫ, ప అంతే.

నా పని మీదే జరిగింది చెప్తాను. ఒక పాఠశాల ఆటల పోటీలకు బహుమతి బోర్డులు చేశాను. నేను గీసుకుంటున్న లావు అక్షరాలే, మురిపెంగా వాడాను. “ప్రథమ బహుమతి” అని టైపు చేశాను, స్పెల్లింగు సరిగ్గానే ఉంది. ప్రింటులో థ లోపలి చుక్క చుట్టూ ఉన్న ఖాళీ సిరాతో నిండిపోయి “ప్రధమ” అయి కూర్చుంది. ఆ మాటని తప్పు రాయకూడదని పిల్లలకు ఏడాదంతా చెప్పే తెలుగు మాస్టారు వేదిక మీద ఆ బోర్డు చూసి ఎంత నొచ్చుకున్నారో నాకు ఇప్పటికీ గుర్తుంది. పైన “పాఠశాల” లో ఠ కూడా దూరం నుంచి ర లాగే ఉంది. తప్పు టైపుది కాదు, అక్షరం గీసిన నాది. ఆ వారమే థ, ఠ, ఖ, ఘ, ఝ, ణ, భ మళ్లీ గీశాను.

ఇప్పుడు నా ఫైలులో పద్ధతి ఇలా ఉంది. ఫాంటు గీసే 1000 యూనిట్ల ఎత్తు చట్రంలో మామూలు అక్షరం నిలువు గీత 132, అడ్డ గీత 112. ఎక్కడా పొట్ట ఖాళీ 80కి తగ్గనివ్వను. థ, ఠ లాంటి వాటికి గీతనే 118 దాకా సన్నం చేసి, అక్షరం వెడల్పు కొంచెం పెంచి చుక్కకి చోటిచ్చాను. చుక్కని గుండ్రంగా కాక నిలువుగా సాగదీశాను. ఇరుకు చోట నిలువు చుక్కకి రెండు పక్కలా ఎక్కువ ఖాళీ మిగులుతుంది. ఒక ఫాంటులో అన్ని అక్షరాలకీ గీత లావు ఒకటే ఉండాలని కొత్తవాళ్లు పట్టుబడతారు. కంటికి ఒకటిగా కనబడితే చాలు, కొలతలో ఒకటి కానక్కర్లేదు.

ఇంకో సంగతి, ఇది ఫ్లెక్సీ షాపులన్నిటికీ. అక్షరం చుట్టూ తెల్ల అంచు, దాని చుట్టూ నల్ల అంచు, దాని వెనక నీడ వేస్తాం. ఆ అంచుని లోపలికీ బయటికీ సగం సగం వేస్తే పొట్ట మూసుకుపోతుంది. బయటికి మాత్రమే వెయ్యండి. పొట్టల లోపల వచ్చిన అంచుని చెరిపెయ్యండి. నీడ ఎడమ కిందికి పడాలి. అక్షరం కుడికి వాలి ఉంటే కుడి కింద నీడ వాలుని వెనక్కి లాగుతుంది.

ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

ఇటాలిక్ అనే వాలు అక్షరం 1501లో వెనిస్‌లో ఆల్దుస్ మనూచియస్ ముద్రణాలయం పుస్తకాలతో మొదలైంది. ఆ అక్షరాల్ని ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కాడు. అది అప్పటి వాళ్ల గొలుసుకట్టు చేతిరాతకు అచ్చు రూపం. తర్వాత వాళ్ల పుస్తకాల్లో నొక్కి చెప్పడానికీ, పుస్తకాల పేర్లకీ వాడటం అలవాటైంది. మన అచ్చులో ఆ సంప్రదాయం లేదు. మనం నొక్కి చెప్పాలంటే లావు చేస్తాం, లేదా కొటేషన్లు పెడతాం. పైగా తెలుగు అక్షరం మొదటినుంచీ వంపులదే, దానికి వేరే చేతిరాత రూపం అక్కర్లేదు. కాబట్టి తెలుగులో వాలుకు ఒకే అర్థం మిగిలింది: వేగం. వేగం లేని చోట వాల్చితే అక్షరానికి చెప్పడానికి ఏమీ ఉండదు.

కబడ్డీ, పరుగు పందెం, సైకిలు పోటీ, ఎడ్ల పందెం, బస్సు, ఒక్కరోజు తగ్గింపు ధర, యూట్యూబ్ వీడియో ముఖచిత్రం, వీటికి బాగా కుదురుతుంది. కానీ మన దగ్గర వెయిట్‌లిఫ్టింగ్ పోస్టర్లు కూడా వాల్చేస్తున్నారు. ఇది నాకు నచ్చదు. ఆమదాలవలస నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. విజయనగరం దగ్గర కొండవెలగాడలో ఇంటింటా వెయిట్‌లిఫ్టర్లు ఉన్నారు. ఆ ఆటలో గెలుపంటే బరువు ఎత్తి కదలకుండా నిలబడటం. దానికి లావుగా, ఇరుకుగా, నిటారుగా ఉన్న అక్షరం కావాలి. కాళ్లు నేల మీద ఉండాలి.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం హోర్డింగులు, అరసవల్లి, శ్రీకూర్మం బోర్డులు, పెళ్లి శుభలేఖలు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు, ఆసుపత్రి బోర్డులు, వీటికి వాలు వద్దు. పొందూరు ఖద్దరు, బొబ్బిలి వీణ లాంటి వాటి లేబులుకి లావే వద్దు. చేత్తో నింపాదిగా చేసే వస్తువు మీద పరిగెత్తే అక్షరం పెట్టకూడదు. ఎవరైనా అడిగితే నేను ఈ మాట చెప్పి, నిటారు నమూనా కూడా చేసి పక్కపక్కన చూపిస్తాను. పదిమందిలో ఎనిమిది మంది నిటారుదే తీసుకుంటారు.

ఒక టైటిల్ దాటి కింది వివరాలకి కూడా ఇదే అక్షరం వాడకండి. తేదీ, స్థలం, ప్రవేశ రుసుము మామూలు వెడల్పు, నిటారు అక్షరంలో ఉండాలి. ఒక పోస్టరులో వాలు ఒక్క చోటే ఉంటే అది కనబడుతుంది.

బస్సుకి రెండు పక్కలు ఉంటాయి

ఇది మీరు అడగలేదు, కానీ ఫ్లెక్సీ షాపు కాబట్టి స్టిక్కరు పని వస్తుంది, అప్పుడు కావాలి. కుడికి వాలిన అక్షరం బస్సు డ్రైవరు పక్కన అంటిస్తే బస్సు పోయే దిక్కుకే వాలుతుంది. చూసేవాడికి బస్సు ముందుభాగం కుడివైపు ఉంటుంది కదా. అదే మెట్ల పక్కన అంటిస్తే బస్సు ఎడమకి పోతుంది, అక్షరం వెనక్కి ఒరుగుతుంది. ఒక ప్రైవేటు బస్సు యజమాని ఇది పట్టుకుని “ఇటుపక్క బండి వెనక్కి లాగుతున్నట్టుంది” అన్నాడు. కొందరు ఆర్టిస్టులు ఆ పక్క అక్షరాల్ని ఎడమకి వాల్చి రాస్తారు. నేనూ ఒకసారి రాశాను. తెలుగు తలకట్టు కుడికి పైకి లేచే గీత. అక్షరాన్ని ఎడమకి వాల్చితే తలకట్టు నిలువుగా లేచి కొమ్ములా నిలబడుతుంది. గుడి వెనక్కి పోయి ముందు అక్షరం మీద కూర్చుంటుంది. చదవడం కష్టమైపోయింది. ఇప్పుడు మెట్ల పక్క అదే ఇరుకు లావు అక్షరం నిటారుగా పెడతాను, వెనకకి రెండు మూడు రంగు చారలు లాగుతాను. వేగం చారలు చూసుకుంటాయి.

ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు

పోస్టరులో తేదీ, బహుమతి మొత్తం, జెర్సీ నంబరు తప్పవు. ఇంగ్లీషులో ఈ రకం అక్షరాలకి కొరత లేదు. 1957లో వచ్చిన అడ్రియన్ ఫ్రూటిగర్ యూనివర్స్ కుటుంబంలో రకాలకి పేర్లు కాక నంబర్లు ఇచ్చారు, అందులో 68 అంటేనే బోల్డ్ కండెన్స్‌డ్ (లావు, ఇరుకు) వాలు. ఉచితంగా కావాలంటే బార్లో కండెన్స్‌డ్, రోబోటో కండెన్స్‌డ్ రెండింటిలోనూ బోల్డ్ ఇటాలిక్ ఉంది. తెలుగుతో పక్కన పెట్టేటప్పుడు రెండు చూసుకోండి. అంకె ఎత్తు తెలుగు అక్షరం తలకట్టు దాకా ఉండాలి, గుడి దాకా కాదు. అలా పెంచితే అంకె రాక్షసుడిలా ఉంటుంది. రెండోది వాలు. ఇంగ్లీషు 12 డిగ్రీలు ఉంటే తెలుగు 9 దగ్గరే రెండూ సమానంగా కనిపిస్తాయి, గుండ్రం ఎక్కువ వాలినట్టు కనబడుతుంది కాబట్టి. కోణాలు కలపకండి, కంటికి కలపండి.

సాఫ్ట్‌వేర్ గురించి రెండు మాటలు. అను, శ్రీలిపి లాంటి పాత ఫాంట్లలో వత్తులు విడి అక్షరాలు. అక్షరాల మధ్య సందు పెంచగానే వత్తు తన అక్షరాన్ని వదిలి పక్కకి పోతుంది. యూనికోడ్ ఫాంటుకి ఫొటోషాప్, ఇల్లస్ట్రేటర్లలో భారతీయ భాషల కంపోజరు (అక్షరాల్ని కూర్చే సెట్టింగు) ఎంచుకోకపోతే వత్తులు విడిపోతాయి. ఏదైనా సరే, సందులు సరిచేసేది కర్వ్స్‌గా మార్చిన తర్వాతే. కోరల్‌లో కంట్రోల్ క్యూ. దానికి ముందు టైపు చేసిన కాపీ ఒకటి పక్కన ఉంచుకోండి, స్పెల్లింగు మార్చమని ఫోను వస్తుంది.

ఎప్పుడైనా ఫాంటు ఫైలే చేద్దామనుకుంటే ఇవి రాసిపెట్టుకోండి: బరువు తరగతి 700, వెడల్పు తరగతి 3, కుడి వాలుకి ఇటాలిక్ కోణం రుణ సంఖ్యలో ఇవ్వాలి, అంటే 9 డిగ్రీలకి మైనస్ 9. ఫైలులోనూ, వెబ్ పేజీ కోడులోనూ ఇటాలిక్ అని గుర్తు పెట్టకపోతే, ఇటాలిక్ అడిగిన చోట బ్రౌజరు దాన్ని నిటారు అనుకుని ఇంకోసారి వాల్చేస్తుంది. ఆ నకిలీ వాలు మామూలుగా 14 డిగ్రీలు. మీ 9 మీద అది కలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

పంపే ముందు

టైటిల్‌ని ఏ4 కాగితం మీద ప్రింటు తీసి గోడకి అంటించి, ముప్పై అడుగులు వెనక్కి నడవండి. అంగుళం ఎత్తు అక్షరానికి పది అడుగుల దూరం అనేది సైన్‌బోర్డుల వాళ్ల పాత లెక్క. లావు ఇరుకు వాలు తెలుగుకి నేను ఏడు అడుగులే లెక్కేస్తాను. ఎత్తు కొలిచేటప్పుడు గుడినీ వత్తునీ కలపకండి, ర ఎత్తు కొలవండి. అంటే అడుగు ఎత్తు ర ఉన్న బ్యానరు 80 అడుగుల దాకా హాయిగా చదవొచ్చు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర, విజయనగరం గంటస్తంభం దగ్గర బండి మీద పోయేవాళ్లకి ఇంకా పెద్దదే కావాలి.

చదివించేది మీ షాపులో వాళ్లతో కాదు, వాళ్లకి మాట ముందే తెలుసు. దారిన పోయేవాళ్లని ఒకరిని పిలిచి “ఏం రాసుంది?” అని అడగండి. ఆగి చదివిన చోట వత్తుని చూడండి.

మీరు ముందు “స్థాయి” ఒక్కటే గీయండి. స కింద వేలాడే థ వత్తు, పైన దీర్ఘం, ఈ ఒక్క మాటలో పైన చెప్పిన చిక్కులు చాలానే ఉన్నాయి. అనేక్‌లో వెడల్పు 75, బరువు 700, వాలు 9 పెట్టి, వత్తుని విడదీసి దిద్ది ఇక్కడే పెట్టండి. దిద్దక ముందుదీ తర్వాతదీ రెండూ పెడితే ఎక్కడ జరపాలో గీత గీసి చూపిస్తాను.